రెండు కుళాయిల మధ్య సున్నా

ముంజిర్ ఉన్న ఇంట్లో ఏ వస్తువుకూ ప్రశాంతంగా చచ్చిపోయే అదృష్టం లేదు. ఈ సంగతి రబాబ్‌కు పెళ్ళయిన కొత్తలోనే అర్థమైంది. నిమ్మరసం తీసే మిషను పోతే దాని మోటారు కారు ముందద్దం మీద నీళ్ళు చిమ్మే ఉద్యోగంలో చేరింది. కారుకు పీకేసిన హెడ్‌లైటు వంటింట్లో గిన్నెల అర పైన వేలాడుతూ, కరెంటు లేని రాత్రుళ్ళు వంకాయల మీద పోలీసు విచారణలాంటి వెలుగు కురిపిస్తుంది. దాన్ని వెలిగించే బాటరీ కూడా కారుదే. రేపు తను పోయినా విప్పి, పనికొచ్చే భాగాలు బిస్కెట్ల డబ్బాలో దాస్తాడేమోనని రబాబ్ అనుమానం. పైకి అంటే "నీలో అరగని భాగం నోరొక్కటే" అంటాడని తెలుసు గనక అనలేదు.

పగలు అతనిది మీనా రేవు వీధిలో కళ్ళద్దాల దుకాణం. తెల్లవారగానే మాత్రం, కాఫీ కంటే ముందు, వాకిట్లో కారు బానెట్ ఎత్తి, బాటరీ రెండు కొమ్ములకూ కరెంటు కొలిచే మీటరు రెండు మొనలూ ఆనించి, "పన్నెండు పాయింట్ ఆరు!" అని మేడ మీదికి వినబడేలా చెబుతాడు. మిగతా మొగుళ్ళు శుభోదయం చెప్పుకునే గొంతు అది.

ఆ బుధవారం ప్రొద్దున ప్రభుత్వ కరెంటు అనుకోకుండా వచ్చింది.

"వచ్చిందీ!" అని వంటింటి కిటికీలన్నీ తెరుచుకునే గాలిసందులోంచి ఎవరో కేక పెట్టారు. ఎంతసేపుంటుందో ఎవరికీ తెలియదు. వీధి జనరేటర్ వాడు డబ్బుకిచ్చే బొటాబొటీ కరెంటుతో దీపాలూ ఫ్రిజ్జూ నడుస్తాయి గానీ వాషింగ్ మిషను నీళ్ళు కాగవు. రబాబ్ పావుకోళ్ళు టకటకలాడించుకుంటూ స్నానాలగదిలోకి పరిగెత్తి, దుప్పట్లు మిషన్లో కుక్కి మూత వేసింది. ఆ చెక్క పావుకోళ్ళు అత్తగారివి. ఆవిడ కోడలికి మనస్ఫూర్తిగా ఇచ్చినవి అవొక్కటే.

మిషను గుర్రుమనడం మొదలవగానే పై అంతస్తులో పసిపిల్ల ఏడుపందుకుంది. ఈ మధ్య ఎప్పుడూ అంతే. తన ఉతుకుడు ఆ పిల్లకు నచ్చడం లేదని రబాబ్ నవ్వుకుంది.

నవ్వు పూర్తికాకుండానే తలుపు చప్పుడయింది. పై ఇంట్లో అద్దెకున్న నౌరస్. కొడుకు నాజీ పేరుతో ఆ మేడలో అందరూ రబాబ్‌ను ఉమ్ నాజీ అనీ, ముంజిర్‌ను అబూ నాజీ అనీ పిలుస్తారు. గౌను అంచులు తడిసి కాళ్ళకంటుకున్నాయి. తువ్వాల్లో చుట్టిన పిల్ల భుజం మీద వెక్కుతోంది.

"ఉమ్ నాజీ, కుళాయి మళ్ళీ కొట్టింది. ఈసారి పిల్లక్కూడా తగిలింది."

"కుళాయికి కరెంటా?" ముంజిర్ ముఖం వెలిగింది. ఇతరుల కష్టాలు మీటరుతో కొలవడానికి వీలుగా ఉంటే అతనికి ఉత్సాహం. "కాఫీ తాగేసి వస్తా పద."

మెట్ల మీద ఇంటి యజమాని హాజీ అద్నాన్ ఎదురయ్యాడు. మొదటి అంతస్తులో, అద్దెకిచ్చిన దుకాణం పైన ఆయన కాపురం. తనకు తెలియకుండా ఆ మేడలో పాలు కూడా పొంగకూడదని ఆయన పట్టుదల. జపమాల తిప్పుకుంటూ ఆయనా వెంట నడిచాడు.

నౌరస్ గుమ్మం దగ్గర ముంజిర్ బూట్ల వంక చూసింది. అడుగున వేలెడు మందం రబ్బరు. ఏదో అనబోయి, పనికి వచ్చిన మగవాణ్ణి బూట్లు విప్పమనలేక ఊరుకుంది. అతను స్నానాలగదిలోకి వెళ్ళి కుళాయిని గుప్పిట పట్టుకున్నాడు. వదిలాడు. మళ్ళీ పట్టుకుని, కరచాలనం చేస్తున్నట్టు ఊపాడు.

"ఏది అమ్మాయ్? నన్ను కొట్టదే?"

"మీరు..."

"ఆగు. మీటర్ని అడుగుదాం." ఎర్ర మొన వేడినీళ్ళ కుళాయికి, నల్ల మొన చన్నీళ్ళ కుళాయికి ఆనించాడు, బాటరీ కొమ్ములకు ఆనించినట్టే. మీటరు తిప్పి అందరికీ చూపించాడు. "సున్నా. దీనికి భయం లేదు, భ్రమ లేదు, అబద్ధం తెలీదు."

"నేను రెండు కుళాయిల మధ్య నిలబడనండీ," అంది నౌరస్ మెల్లగా. "నేల మీద నిలబడతాను."

హాజీ అద్నాన్‌కు నవ్వాగలేదు. "ఇవాళ ఏ వారం అబూ నాజీ? బుధవారమా? సరిపోయింది. హోమ్స్ వాళ్ళు కదూ!" హోమ్స్ ఊరివాళ్ళకు బుధవారం నాడు మతి తప్పుతుందని చెప్పుకునే హాస్యం అది. సరిహద్దు దాటి వచ్చిన నౌరస్‌లాంటివాళ్ళకు అది సామానుతో పాటే వచ్చింది.

"ఈ ఇంటికొచ్చాక రోజూ బుధవారమే అవుతోంది హాజీ," అంది నౌరస్. ఆమె నవ్వలేదు.

ముంజిర్ వైర్లు చుట్టుకుంటూ, "భయంతో నరాలు జిల్లుమంటాయమ్మాయ్. కమోమిల్ పూల టీ తాగు," అన్నాడు. కళ్ళద్దాలు అక్కర్లేనివాళ్ళకు దుకాణంలో ఇలాగే చెబుతాడు.

కిందికి దిగుతుంటే రబాబ్ వెనక్కి చూసింది. నౌరస్ గుమ్మంలోనే నిలబడి, పిల్ల అరిచేతిని విప్పి చూస్తోంది.

*

మర్నాడు సాయంత్రం హాజీ అద్నాన్ రబాబ్ వాళ్ళ బాల్కనీలో కూర్చుని ఏలకుల కాఫీ జుర్రుతూ తన మేడ గొప్పదనం చెప్పుకున్నాడు.

"ఉప్పుగాలికి ఊళ్ళో గొట్టాలన్నీ తుప్పు పడుతుంటే మనవి మాత్రం నిక్షేపం. ఎండాకాలం ముందు నీ సలహా మీదేగా అబూ నాజీ, నేలలోంచి మా ఇంటిదాకా పాత ఇనుము పీకించి ప్లాస్టిక్ గొట్టం వేయించాను. మీదీ, పైదీ ఇనుమే అయినా గట్టిగా ఉంది. అలాంటి మేడలో కుళాయిలు కరుస్తాయని ఆ పిల్ల రొట్టెల కొట్టు దగ్గర చెబుతోందిట. నిన్న ఇద్దరు నన్నడిగారు."

"చిన్నపిల్ల. ఎవరితో చెప్పుకుంటుంది మరి?" అంది రబాబ్.

"ఇక చెప్పుకోనక్కర్లేదులే. ఆదివారం ఖాళీ చెయ్యమన్నాను. మా తమ్ముడి కొడుక్కి పెళ్ళి, ఇల్లు కావాలి. కాగితం లేదు, కరారు లేదు, నోటిమాట మీద ఇచ్చిన ఇల్లు."

"ఆదివారమా! మొగుడు బెయ్రూత్‌లో గోడలకు రంగులేస్తున్నాడు. పిల్లనెత్తుకుని ఒక్కత్తీ ఎక్కడికి పోతుంది?"

"అది దేవుడు చూస్తాడు. నేను అన్యాయం చెయ్యలేదమ్మా. అబూ నాజీ వచ్చి పరీక్ష చేశాడు, ఏమీ లేదన్నాడు, అబద్ధాలాడేవాళ్ళు నా మేడలో వద్దు అని చెప్పాను."

ముంజిర్ కప్పు అంచు మీద వేలు తిప్పుతున్నాడు. "ఏమీ లేదన్నాను నిజమే. పంపించెయ్యమనలేదు."

"రెంటికీ తేడా ఏముంది?" అని హాజీ అడుగు మడ్డి దాకా తాగి లేచాడు.

ఆయన వెళ్ళాక రబాబ్ కప్పులు తీస్తూ, "నిజంగా ఉంటే?" అంది.

"ఉంటే మీటరు చెప్పదూ?"

"నువ్వా మీటర్ని చేసుకోవలసింది. ఇద్దరికీ మాట పట్టింపే."

"చూడు ఉమ్ నాజీ, ఈ మేడలో శాస్త్రప్రకారం ఎర్త్ ఉన్నది మనింట్లోనే. మన మిషను ఒకప్పుడు నిన్ను జుమ్మనిపించేదా? దాని ఒంటికి వైరు బిగించి నీళ్ళ గొట్టానికి కట్టింది ఎవరు? కారుకు ఒళ్ళే భూమి, ఇంటికి గొట్టమే భూమి. ఆ తర్వాత ఒక్కసారైనా కొట్టిందా?"

"లేదు," అని ఒప్పుకుంది రబాబ్. నిజమే మరి, కొట్టలేదు.

"మరి!" అన్నాడు ముంజిర్. ఆ రాత్రి అతను రెండుసార్లు లేచి నీళ్ళు తాగాడు.

*

శుక్రవారం జుమ్మా నమాజు ముగిసే వేళకు మళ్ళీ "వచ్చిందీ!" అని కేక వినబడింది. రబాబ్ మిషనులో తువ్వాళ్ళు వేసి, పొయ్యి మీంచి దించిన కూసా మహ్షీ ఒక పళ్ళెంలో సర్దింది. సొరపిందెల్లాంటి ఆ కాయల్లోని గుజ్జు తొలిచి, బియ్యం, మాంసం కూరడానికి ఆమెకు ప్రొద్దంతా పట్టింది. ఇల్లు పోగొట్టుకుంటున్నదానికి కూర తీసుకెళ్ళడం ఏం మర్యాదో ఆమెకే తెలియలేదు. వట్టి చేతులతో వెళ్ళడం ఇంకా కష్టమనిపించింది.

నౌరస్ ఇల్లు అప్పుడే కడిగినట్టుంది. గుమ్మం దాకా నీళ్ళు మెరుస్తున్నాయి. ఖాళీ చేసి పోయేవాళ్ళు ఇంత తోమి కడగడం చూసి రబాబ్‌కు ఏదోలా అయింది. పావుకోళ్ళు గుమ్మం బయట విడిచి లోపల అడుగు పెట్టింది. పరుపు చుట్టి తాడు కట్టి ఉంది. స్నానాలగదిలో నౌరస్ పీట మీద కూర్చుని, పిల్లను ఒళ్ళో బోర్లించి సబ్బు రుద్దుతోంది. పక్కన బిందెలో ముందే పట్టి ఉంచిన నీళ్ళు. కుళాయి పిడికి గుడ్డ చుట్టి, చెక్క గరిటె కట్టి ఉంది, ముట్టుకోకుండా తిప్పడానికి.

"రండి ఉమ్ నాజీ. సబ్బు చెయ్యి, లేవలేను."

"లేవకు, లేవకు. అయ్యో, కంట్లో నురగ పడుతోంది దీనికి!"

పిల్ల కెవ్వుమంది. బిందె నౌరస్ వెనక ఉంది. రబాబ్ పళ్ళెం కింద పెట్టి, గరిటె సంగతి మరిచిపోయి, తడినేల మీద వట్టి పాదాలతో నిలబడి కుళాయి మీద చెయ్యి వేసింది.

"వద్దు!" అంది నౌరస్.

మోచేతి లోపల ఎవరో సుత్తితో కొట్టారు. పళ్ళు టక్కున కరుచుకున్నాయి. చెయ్యి వదలమని రబాబ్ చెబుతోంది, చెయ్యి వినడం లేదు. అది తన చెయ్యిలా లేదు. తర్వాత ఎలా విడిపోయిందో ఏమో, గోడకు కొట్టుకుని నీళ్ళలో చతికిలబడింది. నాలుక చివర ఉప్పగా రక్తం. గది అంతా ఉన్నచోటే ఉంది. పళ్ళెంలో కాయలు కూడా చెక్కుచెదరలేదు. ఆమె మాత్రం రెక్క దగ్గర్నుంచి వేళ్ళ దాకా వణుకుతోంది. ఎంత ఆపినా ఆగడం లేదు. నేల కింద సన్నగా ఒక గుర్రు వినిపిస్తోంది. తన మిషనే, తువ్వాళ్ళు ఉతుకుతోంది.

నౌరస్ పిల్లను మంచం మీద పడుకోబెట్టి వచ్చింది. చెప్పానా అన్న చూపు లేదు ఆమె ముఖంలో. చక్కెర నీళ్ళ గ్లాసు రబాబ్ ఎడమ చేతికిచ్చి, కుడిచెయ్యి తన రెండు చేతుల మధ్య పెట్టుకుని రుద్దింది.

"వట్టి కాళ్ళు తడిగా ఉంటేనే అంత గట్టిగా కొడుతుంది. నమాజుకు కాళ్ళు కడుక్కోబోతే నాకూ ఇలాగే అయింది. కాసేపటికి వణుకు పోతుంది."

"ఎన్నాళ్ళ నుంచి?"

"ఎండాకాలం నుంచి." నౌరస్ చెయ్యి రుద్దుతూనే ఉంది. "పోనీలెండి. మీరు చెబితే నమ్ముతారు."

అందులో దెప్పు లేదు, నిజంగానే ఊరట పడి అంది. ఆ మాట రబాబ్‌కు కుళాయి కంటే గట్టిగా తగిలింది.

*

ముంజిర్ వాకిట్లో కారు బానెట్ కింద ఉన్నాడు. తడి గౌనుతో, వట్టి కాళ్ళతో దిగివచ్చిన భార్యను చూసి నిటారుగా లేచాడు. తల బానెట్‌కు కొట్టుకుంది.

"మీటరియ్యి," అంది రబాబ్.

"ఎందుకు?"

"పై ఇంటి కుళాయి నన్ను కొట్టింది."

అతని ముఖంలో రక్తం దిగిపోయింది. "నిన్నా? ఏ చేత్తో ముట్టుకున్నావ్? గుండె దడగా ఉందా? కూర్చో!" అంటూనే మీటరు లాక్కుని మెట్లు రెండేసి చొప్పున ఎక్కాడు. బుధవారం అతను కాఫీ తాగాక ఎక్కిన మెట్లే అవి. రబాబ్ వెనకనే నడుస్తూ ఆ సంగతి గమనించింది.

స్నానాలగదిలో అలవాటు చొప్పున ఎర్ర మొన ఒక కుళాయికి పెట్టి, నల్ల మొన రెండోదాని వైపు తీసుకెళ్ళాడు. రబాబ్ అతని మణికట్టు పట్టుకుంది.

"నేను రెండు కుళాయిల మధ్య నిలబడలేదు," అంది.

ముంజిర్ ఆమె వంక చూశాడు. తర్వాత నౌరస్ వంక. నల్ల మొనను మెల్లగా కిందికి దించి, తడినేల మీద, పలకల సందులో ఆనించాడు.

మీటరు మీద అంకెలు కాసేపు తడుముకుని నూట అరవై వోల్టుల దగ్గర నిలబడ్డాయి.

ముంజిర్ మొన తీసి, తన చొక్కాకు తుడిచి మళ్ళీ పెట్టాడు. నూట అరవై.

"రెండు కుళాయిలూ ఒకే గొట్టానివి," అన్నాడు ఎవరితోనూ కాదన్నట్టు. "రెంటిలోనూ ఒకే కరెంటుంటే వాటి మధ్య తేడా... సున్నాయే వస్తుంది." గొట్టం వెంట కిందికి చూశాడు. "ఇది ఎవరింట్లోంచో వస్తోంది. ఈమె ఇంట్లోంచే అయ్యుండాలి. నీళ్ళు కాచే హీటరు పాతది. లేకపోతే హాజీ ఏసీ. కింద మెయిన్ స్విచ్‌లు ఒక్కొక్కటే ఆపుతా. మీరు చూసి చెప్పండి."

రెండు మొనలూ ప్లాస్టిక్ పిడుల దగ్గర పట్టుకుని, అంకె చదివే పని నౌరస్ తీసుకుంది, ఈసారి చెప్పులు తొడుక్కుని. రబాబ్ గాలిసందు కిటికీ తెరిచి నిలబడింది. కింద స్విచ్‌ల పెట్టె మూత తీసిన చప్పుడు, ఆ వెంటనే హాజీ అద్నాన్ గొంతూ వినిపించాయి. "ఏమిటీ హడావుడి? ఆ పిల్ల మళ్ళీ మొదలెట్టిందా?"

"ఇవాళ శుక్రవారం హాజీ!" అని కిటికీలోంచి కేకేసింది రబాబ్. "బుధవారం వెళ్ళిపోయింది. ఈసారి నన్ను కొట్టింది!"

కింద జపమాల చప్పుడు ఆగింది.

"నౌరస్ ఇల్లు ఆపాను!" అన్నాడు ముంజిర్. ఇంట్లో దీపం పోయింది.

"నూట అరవై," అంది నౌరస్.

"నూట అరవై!" అని అందించింది రబాబ్.

"హాజీ ఇల్లు!"

"నా ఏసీ, నా ఏసీ జాగ్రత్త..."

"నూట అరవై."

"కింది దుకాణం!"

"నూట అరవై."

ఇక ఆ పెట్టెలో ఉన్నది ఒక్కటే స్విచ్. కింది తన ఇంటి కిటికీలోంచి మిషను గుర్రు స్పష్టంగా వినిపిస్తోంది. మిషను తిరిగినప్పుడల్లా పైన ఏడ్చే పిల్ల, మిషను ఒంటి నుంచి గొట్టానికి బిగించిన వైరు, నేలలో దిగిన ఇనుము పీకేసి వేసిన ప్లాస్టిక్, అన్నీ ఒకదాని వెంట ఒకటి వచ్చి ఆమె ముందు నిలబడ్డాయి. నేలలోకి దిగే దారి మూసుకుపోతే కరెంటు ఏం చేస్తుంది? పైకెక్కుతుంది. తను మాత్రం చెక్క పావుకోళ్ళ మీద నిలబడి, పిల్లకు తన ఉతుకుడు నచ్చలేదని నవ్వుకుంది.

టక్.

మిషను గుర్రు ఆగిపోయింది.

"సున్నా," అంది నౌరస్.

రబాబ్ ఆ మాటను కిందికి అందించలేకపోయింది. అక్కర్లేకపోయింది. మళ్ళీ టక్‌మంది, మిషను గుర్రుమంది. "నూట అరవై," అంది నౌరస్, అంతే నెమ్మదిగా. మళ్ళీ టక్. "సున్నా." మళ్ళీ అతను వేసి చూడలేదు.

మెట్ల మీద అడుగులు వినిపించాయి. ఒక్కొక్కటే పడుతున్నాయి. అవి రెండో అంతస్తులో, తమ ఇంట్లోకి వెళ్ళాయి. కాసేపటికి బయటికొచ్చి మళ్ళీ పైకెక్కాయి. ముంజిర్ చేతిలో మిషను నుంచి గొట్టానికి కట్టిన వైరు ఉంది, కొసన రాగి తీగ అందంగా, కట్టు కట్టినట్టు చుట్టి. అలా చుట్టడం అతనికే వచ్చు. వెనక హాజీ రొప్పుతూ ఎక్కాడు.

"మిషన్లో నీళ్ళు కాచే కాయిల్ చితికింది," అన్నాడు ముంజిర్ గోడతో. "కాయిల్ తప్పు. ఆ ప్లాస్టిక్ గొట్టం వెయ్యకపోతే..."

"వేయించమన్నది నువ్వే కదా," అన్నాడు హాజీ. వెంటనే గొంతు తగ్గించి, అతని భుజం మీద చెయ్యి వేశాడు. "పోనీలే అబూ నాజీ. నీ మిషను నువ్వు బాగుచేసుకో. ఇంట్లో మాట ఇంట్లోనే ఉండనీ. ఈ పిల్ల ఎలాగూ ఆదివారం..."

రబాబ్ మొగుడి బూట్ల వంక చూసింది.

ముంజిర్ కూడా వాటి వంక చూసుకున్నాడు. హాజీ చెయ్యి భుజం మీంచి తీసి, గుమ్మం దగ్గర వంగి, ముళ్ళు పడ్డ లేసులు కాసేపు లాగి, బూట్లు విప్పాడు. మేజోళ్ళు కూడా విప్పి వాటిలో కుక్కాడు. మీటరు అందుకుని, వట్టి కాళ్ళతో తడినేల మీద నడిచి, పిల్లకు నీళ్ళు పోసే పీట దగ్గర గొంతుక్కూర్చున్నాడు. ఒక మొన కుళాయికి, ఒకటి నేలకు. సున్నా. అప్పుడు తన చెయ్యి కుళాయి మీద వేసి, కళ్ళు మూసుకుని కొంచెంసేపు అలాగే ఉంచాడు.

లేచి గాలిసందు కిటికీ దగ్గరికి వచ్చాడు. కింద ఏ వంటింట్లోనో గిన్నెల చప్పుడు ఆగింది. మేడలో కరెంటెందుకు పోయిందో తెలుసుకోవడానికి అందరూ చెవులు అక్కడే పెట్టి ఉంటారు. రొట్టెల కొట్టువాడి భార్యది పక్క మేడ, ఆవిడ కిటికీ కూడా ఇటే.

రబాబ్ అతని గొంతు కోసం ఎదురుచూసింది. మీటరు మోసం చేసిందంటాడా?

"వినండి!" అన్నాడు ముంజిర్, పన్నెండు పాయింట్ ఆరు చెప్పే గొంతుతోనే. అతను వెనక్కి తిరిగాడు. చెప్పవలసింది కిటికీకి కాదని అప్పుడు తోచినట్టుంది. నౌరస్ పిల్లనెత్తుకుని స్నానాలగది గుమ్మంలో నిలబడి ఉంది. అన్నాళ్ళూ 'అమ్మాయ్' అని పిలిచినదాన్ని అతను మొదటిసారి కూతురి పేరుతో గౌరవంగా పిలిచాడు. గాలిసందు అంతా వినేలానే పిలిచాడు.

"ఉమ్ తాలీన్, మీరు చెప్పిందే నిజం. కరెంటు మా ఇంట్లోంచే వచ్చింది, నేను కట్టిన వైరులోంచి. మీటరు సరిగ్గానే చెప్పింది. నేనే దాన్ని అడగకూడని చోట అడిగాను. హాజీ, ఏమీ లేదన్నది నేను. తప్పు నాది."